మంట తగ్గిందని నాన్నగారి సాక్ష్యం

నొప్పిని కూడా మన ఒంటికి కాపలాగా పెట్టిన దేవునికి స్తోత్రం.

డెబ్బైల చివర్లో, అమలాపురం దగ్గర మా ఊళ్లో నాన్నగారు సంఘపెద్ద. షుగరు వల్ల ఆయన అరికాళ్లు ఏళ్ల తరబడి మండేవి. ఒక ఆదివారం ఆయన చర్చిలో లేచి, మంటలు పూర్తిగా పోయాయని సాక్ష్యం చెప్పారు. చెప్పులు బయట విడిచి వచ్చిన సంఘమంతా స్తోత్రం చెప్పి మోకరించింది. అప్పుడు వెనక ఉన్న అమ్మకు నాన్నగారి అరికాలు కనిపించింది. క్రిస్మస్ తోరణాల డ్రాయింగు పిన్ను అందులో తలదాకా దిగి ఉంది.

"ఏవండీ, కాల్లో పిన్ను దిగిందండీ!"

"ప్రార్థనలో మాటలేంటే? నాకేం నొప్పి లేదు."

మర్నాడు డాక్టరుగారు ఆయన్ను కళ్లు మూసుకోమని, పాదం మీద దూది ఆడించారు. నాన్నగారికి తెలియలేదు.

"జబ్బు తగ్గలేదండీ, స్పర్శే పోయింది. పుండు ముదిరితే కాలు తీసేయాల్సొస్తుంది. ఇక వట్టికాళ్లతో నడవకండి, చర్చిలో కూడా."

"దేవుని ముందు మోషే అంతటివారే చెప్పులు విప్పేరు కదండీ!" అన్నారు నాన్నగారు.

"ఆయ్, విప్పేరండీ. మోషేగారికి షుగరు లేదు కదండీ" అంది అమ్మ.

ఈ మాట తర్వాత విన్న మా పాస్టరుగారు నవ్వి, చర్చిలో చెప్పులకు ఒప్పుకున్నారు. నాన్నగారు మెత్తటి చెప్పులతోనే చర్చిలోకి వచ్చేవారు. ఆ కాలు చివరిదాకా నిలిచింది.

పాదాలకు స్పర్శ లేనివారి కోసం, వారి అరికాళ్లు రోజూ చూసిపెట్టేవారి కోసం, ఇప్పుడు నాతో కలిసి ప్రార్థించండి.