ట్రాలీల మీద సన్మానం

పోలియోతో నా రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. కుర్చీలో కూర్చుని ఇనుప గుండు విసిరి రాష్ట్రస్థాయిలో పతకం తెచ్చుకున్నాక, శంషాబాద్ చుట్టుపక్కల ఎక్కడ సభ జరిగినా నన్ను పిలిచి పిల్లలకు నాలుగు ధైర్యం మాటలు చెప్పమనేవారు. తొంభైల నడిమి సంగతి. మనిషి తలచుకుంటే చేయలేనిది లేదని చెప్పేదాన్ని. చప్పట్లు కొట్టి శాలువా కప్పేవారు. ఇంటికొస్తే మాత్రం కుదురుండేది కాదు. ఇంకేం కావాలె బిడ్డా అని అమ్మ అడిగేది. ఏం కావాలో నాకూ తెలిసేది కాదు.

కొత్వాల్‌గూడ బడి వార్షికోత్సవానికి చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద వెళ్లాను. సర్పంచి నా మీది గౌరవంకొద్దీ రెండు ట్రాక్టరు ట్రాలీలు ఆనించి, పైన తివాచీ పరిపించి వేదిక కట్టించాడు. ముఖ్య అతిథిని ఎత్తున కూర్చోబెట్టాలని ఆయన ముచ్చట. అంత ఎత్తు నేనెలా ఎక్కుతానని ఊళ్లో ఒక్కరికీ తట్టలేదు. పరేషాన్ కావద్దని, నలుగురు కలిసి ఎత్తుకుంటారని సర్పంచి అన్నాడు. నేనేమన్నా బియ్యం బస్తానా? ఒళ్లు మండి, కిందే ఉంటానన్నాను. ముఖ్య అతిథి కింద ఉంటే పెద్దలు పైన ఎలా కూర్చుంటారు? గొణుక్కుంటూ ఒక్కొక్కరే దిగారు.

అప్పుడు హెడ్మాస్టరు ఒక తొమ్మిదో తరగతి పిల్లను నా ముందుకు పిలిచారు. చంకల్లో కర్రలతో వచ్చి తలవంచుకుని నిలబడింది. పదో తరగతి మేడ మీద ఉందట, మెట్లెక్కలేక చదువు మానేస్తానంటోందట.

"మీరు చెబితే వింటుందమ్మా. అంత గుండు విసిరారు మీరు, ఈ పిల్ల నాలుగు మెట్లెక్కలేదా?" అన్నారాయన.

నా పాత ఉపన్యాసం నోటిదాకా వచ్చింది. మొదటిసారి అదంటే నాకే రోత పుట్టింది.

"నన్నెవ్వరూ మెట్లెక్కమనలేదు సార్. నేల మీద కుర్చీ ఏసి, గుండు చేతికిచ్చిండ్రు. అందుకే ఇసిరిన. ఈ పిల్లకు గూడ క్లాసు కిందికి తీస్కరాండ్రి."

అలా చేస్తే ఆరో తరగతిని పైకి పంపాలని ఆయన నసిగారు. వాళ్లు దూకుతూ ఎక్కుతారన్నాను. ఆయన సర్పంచి వైపు చూశారు. సర్పంచి ఇంకా పంచెకు అంటిన ట్రాలీ దుమ్ము దులుపుకుంటున్నాడు.

"దించుండ్రి సార్. మేం దిగలేదా?" అన్నాడు.

ఆ తర్వాత ఎవరు పిలిచినా ముందు మీ దగ్గర మెట్లెన్ని అని అడిగేదాన్ని. కొందరు పిలవడం మానేశారు. మానేయనీ అనుకున్నాను.

ఆ వేసవి సెలవులయ్యాక బడులు తెరిచారని తెలియగానే ఆగలేక మళ్లీ కొత్వాల్‌గూడ వెళ్లాను. పదో తరగతి కిందే ఉంది. ఆ పిల్ల కిటికీలోంచి నన్ను చూసి, గంట కొట్టగానే కర్రలు టకటకలాడించుకుంటూ వచ్చింది. సంతోషంగా ఉన్నావా అని అడగబోయాను. నాకంటే ముందు తనే అడిగింది.

"అక్కా, పది పాసైనంక శంషాబాద్ కాలేజీల క్లాసులు కిందుంటయా, మీదుంటయా?"

తెలియదన్నాను. ఇంటికి పోవలసిన బండిని కాలేజీ దారి పట్టించాను.