గంగులప్ప అంగడీ, దారి తప్పిన దీర్ఘమూ

అక్షరం తప్పు రాస్తే పంతులమ్మ ఎర్రసిరాతో చుట్టి మళ్ళీ రాయమంటుంది. అంతటితో సరి. నేను రాసిన తప్పుకు మాత్రం పుంగనూరులో ఒక బట్టల అంగడిని జనం చుట్టేశారు. ఆ కథ చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. ఆ రోజు ఊరంతా నవ్వింది. నవ్వనివాళ్ళం ఇద్దరమే, నేనూ ఆ అంగడి గంగులప్పా.

నాకు నలభై దాటాక చదువొచ్చింది. అంతవరకూ కండక్టరు అరుపును బట్టి బస్సెక్కినదాన్ని. మదనపల్లె మార్కెట్లో పగలంతా టమోటాలు ఏరి, సాయంత్రాలు ఆడవాళ్ళ బడిలో అఆలు దిద్దాను. గుడి, కొమ్ము, ఒత్తు అన్నీ నాతో కుస్తీ పట్టి చివరికి లొంగాయి. దీర్ఘం ఒక్కటే లొంగలేదు. కొత్తగా కొనుక్కొచ్చిన కోడిపెట్టలాగా, ఇక్కడ కూర్చోబెడితే లేచి పక్కింట్లో తేలేది.

అయినా చదువొచ్చిన గర్వం ఊరికే ఉండనిస్తుందా? కనబడిన బోర్డునల్లా పైకి చదివేదాన్ని. గోడమీద ‘ఇక్కడ ఉమ్మి వేయరాదు’ అని ఉంటే, దానిమీద ఉమ్ముతున్నవాడిని ఆపి మరీ చదివి వినిపించాను. అలా గొంతెత్తి చదువుతుండగానే కిశోర్ సారు కంటబడ్డాను. చిన్న చిన్న అంగళ్ళ తరఫున, వాళ్ళ దగ్గర కొనేవాళ్ళ ఫోన్లన్నిటికీ ఒకేసారి మెసేజ్ పంపే వ్యాపారం ఆయనది. ఆఫీసంటే మదనపల్లెలో ఒక గది, ఒక ఫ్యాను, ఒక సారు.

“రమణమ్మా, నీకు నోరుండాది, అక్షరమొచ్చింది. ఇంకేం కావాల? మదనపల్లె నేను చూసుకుంటా. పుంగనూరు, కుప్పం నీవి” అన్నాడు, తాతల ఆస్తి పంచిపెట్టినట్టు.

నేను మహారాణిలా పుంగనూరులో దిగాను. దాణా అంగడాయన నా మాటలన్నీ విని, “ఈ మెసేజు ఆవులు సదవతాయామ్మా? తినేది అవి గదా” అన్నాడు. మిక్సీలు బాగుచేసే ఆయన, “నాకొచ్చే మెసేజులే నేను సూడను. ఇంగ ఊరోళ్ళకు పంపి వాళ్ళ ఉసురు పోసుకోవాల్నా?” అన్నాడు. ఇప్పుడు తలచుకుంటే పుంగనూరులో తెలివైనవాళ్ళు వాళ్ళిద్దరే. మూడోవాడు గంగులప్ప. పాపం, మంచివాడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు గంగులప్ప బట్టల అంగడి ముందు సగం పోయింది. మిగిలిన సగంలో నిలబడడానికి కూడా చోటు లేక, మార్కెట్ వెనక సందులో ఒక గది బాడుగకు తీసుకున్నాడు.

“నేను అంగడి మూసేసినాననుకుంటాండారమ్మా జనం. పాత చోటికొచ్చి, మొండిగోడ సూసి ఎనక్కి పోతాండారు. పెండ్లిళ్ళ నెల వస్తాంది, సరుకంతా దించి పెట్టుకుండా. ఈ నెల గాన పోతే నేను నిజంగానే మూసుకోవాల” అన్నాడు.

“అన్నా, రేపు తెల్లారేసరికి మీ అంగడి ముందర జనం నిలబడకపోతే నన్నడుగు” అన్నాను.

ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను. అదే నా దురదృష్టం.

మెసేజ్ రాశాం. ‘మన గంగులప్ప బట్టల అంగడి మూసేయలేదు. మార్కెట్ వెనక సందులో ఉంది. తప్పక రండి.’ నా చేతిరాతలో అంత పెద్ద సాహిత్యం పుట్టడం అదే మొదలు. సారుకు ఫోన్లో చదివి వినిపించాను.

“రెండక్షరాలు ఎక్కువైనాయి. తెలుగైతే డెబ్బై అక్షరాలే ఒక మెసేజు. దాటితే రెండు మెసేజుల లెక్క.”

“ఇంగ్లీషుకూ అంతేనా సారూ?”

“ఇంగ్లీషుకు నూటరవై.”

“మనకు యాల సారూ తక్కువ?”

“మన అక్షరాలు బరువమ్మా. ఒత్తుకూ లెక్కే, గుడికీ లెక్కే, దీర్ఘానికీ లెక్కే.”

అయ్యా, ఆ అక్షరాలు బరువని నాకొకరు చెప్పాలా? టమోటా బుట్టలకంటే ఎక్కువ మోశాను వాటిని. ఇంత కష్టపడి నేర్చుకుంటే, ఇప్పుడు వాటికి లగేజీ టికెట్టు కొట్టాలంటున్నారు!

“అన్నా, ‘మన’ తీసేద్దామా?” అన్నాను గంగులప్పతో.

“మన అనకుంటే నేనెవురని తెలుస్తాదమ్మా? ఊర్లో ఇంగో ఇద్దరు గంగులప్పలుండారు.”

“‘తప్పక’ తీసేద్దాం.”

“తప్పక అనకుండా పిలిస్తే సావుకు పిలిచినట్టుంటాది. వద్దుమా.”

అప్పుడు వెలిగింది నా బుర్ర. ‘మూసేయలేదు’ అని పుస్తకంలో మాదిరి ఎందుకు రాయాలి? మేము మాట్లాడుకునేటప్పుడు ‘ముయ్యలా’ అంటాం. రాలేదు అనడానికి రాలా, పోలేదు అనడానికి పోలా, మూయలేదు అనడానికి ముయ్యలా. సరిగ్గా రెండక్షరాలు మిగిలాయి. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ మాట మార్చి, సారుకు పంపేశాను. సారు అక్షరాల లెక్క చూసుకున్నాడు, సరిపోయింది. మాట చూడలేదు. ఊరందరి ఫోన్లూ ఒకేసారి టింగుమన్నాయి.

తెల్లారి నేను వెళ్ళేసరికి సందంతా జనమే. గంగులప్ప ఊదుబత్తి వెలిగించి, కొత్త చొక్కా వేసుకుని, గడపలో పెండ్లికొడుకులా నిలబడి ఉన్నాడు.

“సూడు రమణమ్మా! నీ మెసేజు ఎంత పని జేసిందో!” అని, జనం వైపు తిరిగాడు. “రాండప్పా, లోపలికి రాండి. యాల ఆడ్నే నిలబడినారు?”

జనంలోంచి నాగరాజు ముందుకొచ్చాడు. మా వైపు ఏ ధర్నా జరిగినా ముందుండే మనిషి. చంకలో జెండా ఉంది, ఏ జెండానో ఆయనకే తెలియదు.

“మేము లోపలికొచ్చేదానికి రాలా. ముయ్యాలని వచ్చినాం.”

“ఏంది ముయ్యాల?”

“నీ అంగడే.”

“నేనేం జేసినానప్పా?”

“అది మాకు తెలీదు. పిలిచినారు, వచ్చినాం. ముయ్యాల!” అని చెయ్యెత్తాడు. వెనకనుంచి జనం “ముయ్యాల!” అని అందుకున్నారు.

ఒకామె కొంగు దోపుకుని ముందుకొచ్చింది. “నీ చీర రంగు పోతాందని నేనొక్కదాన్నే అనుకుంటాంటి. ఊరంతా అనుకుంటాండారని మెసేజు వచ్చినాకే తెలిసింది!” అంది.

నేను ఆమె ఫోన్ లాక్కుని, కూడబలుక్కుని చదివాను. ‘మన గంగులప్ప బట్టల అంగడి ముయ్యాల. మార్కెట్ వెనక సందులో ఉంది. తప్పక రండి.’

మా చిత్తూరు వైపు మాట తెలియనివాళ్ళకు చెబుతున్నాను, వినండి. ‘ముయ్యలా’ అంటే మూయలేదు. ‘ముయ్యాల’ అంటే మూయాలి. ‘ల’ దగ్గర కూర్చోవాల్సిన దీర్ఘం లేచి ‘య్య’ దగ్గరికి పోయింది. అంతే తేడా. మూయలేదని చాటింపు వేయమంటే, మూయడానికి రమ్మని అడ్రసుతో సహా ఊరందరినీ పిలిచాను. పైగా ‘తప్పక’.

నేను స్టూలెక్కి అరిచాను. “అయ్యా! అది తప్పు! దీర్ఘం పక్కకు పోయింది!”

“దీర్ఘం యాడికి పోతే మాకేమి? మేమైతే వచ్చినాం గదా!” అన్నాడు నాగరాజు.

ఎండ ముదిరాక, ఆకలేసి ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. గంగులప్ప నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “ఎట్లన్నా సరి జెయ్యమ్మా” అన్నాడు, అంతే.

ఏడుస్తూ సారుకు ఫోన్ చేశాను.

“నీ తెలుగుకో దండం తల్లీ. ఈసారి నేనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతా. పొట్టిగా ఉంటాది, దీర్ఘాల గొడవే ఉండదు” అన్నాడు.

నిజంగానే ఉండదు. సారు మాటలేవీ మార్చకుండా అలాగే కొట్టి పంపాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘ముయ్యలా’ అని రాసినా, ‘ముయ్యాల’ అని రాసినా ఒకటే. ఎమ్, యు, వై, వై, ఎ, ఎల్, ఎ. చదివేవాడు ఏదనుకుంటే అది. ఊరివాళ్ళు నిన్న ఏది చదివారో ఈరోజూ అదే చదివారు. పైగా సారు ముందు ఒక ముక్క కలిపాడు: ‘మళ్ళీ చెబుతున్నాం.’

మళ్ళీ చెబితే మళ్ళీ రాకుండా ఉంటారా? ఈసారి మొదటిరోజు రానివాళ్ళు కూడా వచ్చారు. పల్లీలమ్మేవాడు బండి తెచ్చుకున్నాడు. గది యజమాని పరుగెత్తుకుంటూ వచ్చి, “గంగులప్పా, నాకీ గలాటాలు వద్దప్పా. గది ఖాళీ జెయ్యి” అన్నాడు. గంగులప్ప ఎంత చెప్పినా వినలేదు. ఇంకో గది వెతుక్కునేలోపు పెండ్లిళ్ళ నెల వెళ్ళిపోతుంది.

గంగులప్ప ఊదుబత్తి ఆర్పేసి, తన చేత్తోనే షట్టరు దించాడు. జనం ఈలలు వేశారు. నాగరాజు జెండా ఊపాడు. రంగు పోయిన చీరామె మాత్రం దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

“మళ్ళా ఎప్పుడు తీస్తావన్నా? వచ్చే వారం మా ఆడబిడ్డ కూతురి పెండ్లి. చీరలన్నీ నీ దగ్గరే తీసుకుందామనుకుంటిమే.”

ఒక్కరికైనా ఆ అంగడి మూయాలని లేదు. పిలిచారు కాబట్టి వచ్చారు.

కొన్ని నెలల తర్వాత సారు నన్ను కుప్పం పంపాడు. చేతికొక ఫొటో ఇచ్చాడు, గంగులప్ప అంగడి ముందు జనం. “ఇది చూపించు. ఒక్క మెసేజుకు ఎంత మంది వచ్చినారో చూసుకోమని చెప్పు” అన్నాడు. బతకాలి కదా, తీసుకుని వెళ్ళాను.

కుప్పంలో పెద్ద బట్టల అంగడి. యజమాని ఫొటోను ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. “పుంగనూరే ఇది?” అని, చీరలు మడతపెడుతున్న గుమాస్తాను పిలిచాడు. “ఏమప్పా, మీ ఊరే గదా. నిజమేనా?”

గుమాస్తా తల ఎత్తాడు. గంగులప్ప!

ఆయన ఫొటో చూశాడు, నన్ను చూశాడు, చేతిలోని చీర మడత పూర్తిచేశాడు.

“నిజమే సామీ. ఈయమ్మ మెసేజు పెడితే జనం వస్తారు, సందు పట్టదు” అన్నాడు. చీరను అరలో పెట్టి, “నేను ఈడికొచ్చింది గూడా ఆ మెసేజుతోనే” అన్నాడు.

యజమాని అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు. అంత మంచి సిఫార్సు నాకు జన్మలో దొరకదు.

అందుకని, చదువు నేర్పిన పంతులమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ‘లేదు’ అనే మాటను ఇకమీద ఎవరి కోసమూ పొట్టి చేయను. పది మెసేజ్‌ల లెక్కయినా సరే, బరువైనా సరే, నిండుగా రాస్తాను. ఆ కుప్పం అంగడికి మెసేజ్ ఎవరు రాశారో నాకు తెలియదు. నేను మాత్రం రాయలేదు.