కుడి నుంచి గీసిన గీత

మోండా మార్కెట్ పక్క కాగితాల కొట్టులో మనవరాలికి గ్రాఫు కాగితాలు కొంటుంటే, ఆ కొత్త కాగితం వాసనకు గ్రేసమ్మ టీచరు గుర్తొచ్చి నవ్వొచ్చేసింది. కొట్టువాడు వింతగా చూశాడు. చూడనీ.

పోలీసు చర్య జరిగిన ఏడాది హైదరాబాదులో మా ఉర్దూ బడి మూతపడితే, నాన్న నన్నూ చెల్లెల్నీ సికింద్రాబాద్‌లో ఒక మిషన్ బడిలో చేర్పించారు. అక్కడ చదువంతా ఇంగ్లీషు. రసాయనశాస్త్రం చెప్పే గ్రేసమ్మ గారిది గుంటూరు. పొట్టి మనిషి, గట్టి గొంతు. "పరీక్ష పెడతాను. నెగ్గకపోతే కింది క్లాసే" అన్నారు నాతో. కింది క్లాసంటే మా చెల్లెలి క్లాసు. దాని పక్కన కూర్చోవడంకన్నా చదువు మానేయడం నయమనిపించింది.

పరీక్ష రోజున లిథియం నుంచి నియాన్ దాకా ఎనిమిది మూలకాల పేర్లు, ఒక్కో పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికి ఎంత శక్తి కావాలో ఆ అంకెలు బోర్డు మీద రాశారు. "వరసలో ముందుకు పోయేకొద్దీ ఈ శక్తి పెరుగుతుంది. గ్రాఫు కాగితం మీద గీత గీసి చూపించండి" అన్నారు. అందరి గీతలూ పైకెక్కాయి, నాది కిందికి దిగింది. క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఎక్కణ్ణుంచి మొదలెట్టావే?" అన్నారు టీచరు.

"కుడి దిక్కు నుంచి టీచర్. ఉర్దూల గట్లనే రాస్తం గదా."

ఆవిడ నా కాగితాన్ని కిటికీ అద్దానికి బోర్లించి ఆనించారు. ఎండ వెలుగులో, వెనకవైపు నుంచి, గీత చక్కగా పైకెక్కుతూ కనిపించింది. బోరాన్ దగ్గరా ఆక్సిజన్ దగ్గరా మాత్రం కాస్త జారింది. అవి సుత తప్పులేనని రబ్బరు తీశాను.

"చెరిపావంటే ఊరుకోను!" అని అరిచారు. "పెరుగుతుందని నేనన్నానని వీళ్ళంతా అంకెలు వదిలేసి నున్నగా ఎక్కించేశారు. ఈ పిల్లొక్కతే ఏ అంకెకు ఆ చుక్క, ఉన్నది ఉన్నట్టు పెట్టింది."

వెంటనే మూడు బెంచీలు లాగించి ఒక్కో బెంచీ మీద ఒక్కో పిల్లను కూర్చోబెట్టారు. బెంచీలంటే పరమాణువులో గదులు, పిల్లలేమో ఎలక్ట్రాన్లు; అది నైట్రోజన్. తర్వాత నన్ను ఆ ముగ్గురిలో ఒకతైన సరోజ పక్కన, అదే బెంచీ మీద ఇరికించారు. అది ఆక్సిజన్. "ఇప్పుడు ఎవర్ని లేపడం తేలిక?"

"నన్నే లేపుండ్రి టీచర్! జెర జరగమంటే జరుగుతలేదు!" అంది సరోజ. టీచరు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "అందుకే ఆక్సిజన్ దగ్గర గీత జారింది. బోరాన్ సంగతి రేపు చూద్దాం" అన్నారు.

"ఈ క్లాసులోనే ఉండు. ఎడమ నుంచి రాయడం నేర్చుకో. చుక్కలు మాత్రం చెరపకు" అన్నారు చివరికి. ఆ సాయంత్రం ఇంటిదాకా చెల్లెలికంటే పది అడుగులు ముందు నడిచాను.

ఇప్పటికీ అందరూ పెరిగిందన్నచోట నాకు తగ్గినట్టు కనిపిస్తే, తగ్గిందనే అంటాను. దానివల్ల చుట్టాల్లో నాకు పెద్ద మంచిపేరేమీ రాలేదు. రాకపోతే మానె, గ్రేసమ్మ గారు నన్ను క్లాసులో ఉంచింది అందుకే.