రుచి చూడకుండా చేసిన యాపిల్ పై

మా ఆయన బ్రాక్‌నెల్ వెళ్ళిపోవడానికి ఇంకా ఆరు రోజులుందనగా నేను మంత్రాల్లోకి దిగాను. నిమ్మకాయలూ బొమ్మలూ అనుకునేరు, అంత దూరం వెళ్ళలేదు. యాపిల్ పై చేశాను.

బ్రాక్‌నెల్ లండన్ దగ్గరి ఊరు, ఆయనకి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. నాకేమో ఇక్కడ షెఫీల్డ్‌లో, ముసలివాళ్ళని చూసుకునే కేర్‌హోమ్‌లో పని. రూమ్ చూసుకున్నానన్నారు, సింగిల్ రూమ్ అన్నారు. నన్ను రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. నేను కదిపితే "తర్వాత చూద్దాం" అన్నారు. ఈ ఆరు రోజుల్లో ఆయన నోటి నుంచి "నువ్వూ రా" అన్న మాట రప్పించాలి. నాకు కావలసింది అంతే.

రప్పించగలననే అనుకున్నాను. మాది బట్టల కొట్టు. మా మేనమామలవీ కొట్లే. చీరలో చిన్న చిరుగుంటే దాన్ని లోపలి మడతలోకి పెట్టి, అంచు మాత్రం వెలుగులోకి తిప్పి చూపించడం ఎనిమిదో ఏటికే నేర్చేసుకున్నాను. ఈ ఇంగ్లండ్‌ని మా ఆయనకి అలాగే చూపించాను. నేను మాస్టర్స్ చేస్తాను, మీరు నాతో రండి, ఒక్క ఏడాదిలో ఇద్దరం నిలదొక్కుకుంటాం అన్నాను. హైదరాబాద్‌లో ఆయనకున్న మంచి ఉద్యోగం మానిపించాను. ఇక్కడ మొదట్లో ఆయనకి గోడౌన్‌లో పెట్టెలు మోసే పని తప్ప ఇంకేదీ దొరకదని సీనియర్లు నాకు ముందే చెప్పారు. ఆ ముక్క లోపలి మడతలో పెట్టేశాను.

రెండేళ్ళు మోశారు. మొదటి ఏడాది పోట్లాడుకున్నాం. ఆయన నన్ను మోసగత్తె అనేవారు, నేను ఆయన్ని చేతకాని మనిషి అనేదాన్ని. గోడ అవతల పోలిష్ అమ్మాయి టీవీ సౌండు పెంచేది. రెండో ఏడాది పోట్లాటలు ఆగిపోయాయి. ఫ్రిజ్ మీద ఇద్దరి డ్యూటీ చార్టులూ పక్కపక్కనే అంటించుకున్నాం, ఒకరు వచ్చేసరికి ఇంకొకరు వెళ్ళిపోయేవాళ్ళం. పర్వాలేదు, సర్దుకున్నారు అనుకున్నాను. అదీ నా తెలివి.

మంత్రం చెప్పింది కేర్‌హోమ్‌లో ఒక ముసలావిడ. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు స్కూల్లో పిల్లలకి వండిపెట్టేది. పొద్దున్నే ఆవిడ జుట్టు దువ్వుతుంటే అద్దంలో నా మొహం చూసి, మొగుడా అని అడిగింది. వేరే దేశం మనిషి, రేపెక్కడా మా వాళ్ళతో చెప్పదు అన్న ధైర్యంతో మొత్తం చెప్పేశాను. ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. యాపిల్ పై చెయ్యి అంది, పిండి రేకుల మధ్య యాపిల్ ముక్కలు పెట్టి ఓవెన్‌లో కాల్చేది. గరిటె గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలట. దాల్చినచెక్క పొడి వేస్తూ ఆ మనిషి పేరు మనసులో అనుకోవాలట. పైన కప్పిన పిండి మీద చాకుతో అతని పేరులో మొదటి అక్షరం కొయ్యాలట. మొదటి ముక్క అతనికే పెట్టాలి, ఎందుకు చేశావో చెప్పకూడదు. వాళ్ళమ్మ వాళ్ళ నాన్నని అలాగే పట్టిందట, తనూ ఇద్దరు మొగుళ్ళని అలాగే పట్టిందట.

నేను ఊరుకుంటానా, మంత్రం దగ్గర కూడా బేరం పెట్టాను. పిండి కలపడం నాకు రాదు, షాపులో దొరికే రెడీమేడ్ పిండితో చేస్తే పనిచెయ్యదా అని అడిగాను.

"పనిచేస్తుంది," అంది. "కాకపోతే మీ ఆయన బదులు పక్కింటాయన వస్తాడు."

సరే, చేత్తోనే కలుపుతానన్నాను. చివర్లో ఇంకో మాట కూడా చెప్పింది. పిండి కప్పే ముందు ముక్కలు రుచి చూసుకో, చక్కెర నీ నోటికి సరిపోయేదాకా వెయ్యి అని. విన్నాను, తల కూడా ఊపాను.

మార్కెట్‌లో సాయంత్రం కొట్లు కట్టేసే వేళకి వెళ్ళాను. ఆ టైమ్‌లో అమ్మేవాడు అలిసిపోయి ఉంటాడని నాకు తెలుసు. యాపిల్స్ పెద్దవి, ఆకుపచ్చవి, ఒక్కొక్కటి పిడికిలి కన్నా లావున్నాయి. ఇవి వంట యాపిల్స్ లవ్, ఉత్తవి తినకు అన్నాడు. ఈ ఊళ్ళో అందరూ అందరినీ లవ్ అనే పిలుస్తారు. బస్సు డ్రైవరూ అంటాడు, డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ ఆవిడా అంటుంది. రోజుకి పదిమంది నన్ను లవ్ అనేవాళ్ళు, ఇంటికొస్తే పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. రెండు కాయలు అదనంగా వేయించుకుని వచ్చాను.

గురువారం నాకు సెలవు. ఆయనకి మధ్యాహ్నం దాకా ఇంట్లోనే సర్దుడు. పొద్దున్నే తలంటు పోసుకున్నాను, ఎందుకో నాకే తెలీదు. వెన్న పిండిలో నలిపాను, యాపిల్స్ చెక్కు తీసి కోశాను, గడియారం వైపే తిప్పాను. దాల్చినచెక్క పొడి వేస్తూ పేరు తలుచుకున్నాను. ముక్క నోట్లో వేసుకోబోయి ఆగిపోయాను. మొదటి ముక్క ఆయనది కదా. మా ఇంట్లో దేవుడికి పెట్టాల్సింది ముందు నాలిక మీద పెట్టుకుంటే అమ్మ చెయ్యి విరిచేది. పాయసంలో తీపి కూడా వాసన చూసి చెప్పేది ఆవిడ. ఎంగిలి చేసిన దానికి మంత్రం ఎలా పడుతుంది అనుకున్నాను. కంటి అంచనాతో ఒక గుప్పెడు చక్కెర వేసి, పిండి కప్పేసి, తెలుగు అక్షరమే కోసి, ఓవెన్‌లో పెట్టాను.

ఓవెన్‌లో ఆ అక్షరం సాగిపోయింది. బయటికి తీసేసరికి గుండ్రంగా తెరుచుకుని ఉంది, అందులోంచి రసం పొంగింది.

ఆయన టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చున్నారు. చూసి, పైన సున్నా ఎందుకు పెట్టావన్నారు. ఆవిరి పోవడానికి అన్నాను. ముక్క కోసి పెట్టాను. తిన్నారు. ఆపకుండా, మొహం మార్చకుండా, చెంచాతో చివరి రసం దాకా తిన్నారు. చెంచా ప్లేటులో పెట్టి నావైపు చూసి అన్నారు.

"బాగుంది. థాంక్స్."

మా ఆయన నాకు థాంక్స్ చెప్పడం అదే మొదటిసారి. అప్పుడు ఒక ముక్క నేను నోట్లో పెట్టుకున్నాను. పళ్ళు జివ్వుమన్నాయి. చింతకాయ నయం. దవడలు బిగుసుకుపోయాయి, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఈయన పులుపు తినలేని మనిషి. పప్పులో మామిడికాయ ఒక ముక్క ఎక్కువైతే కంచం పక్కకి నెట్టి, నా వంటనీ, నన్నూ, మా కొట్టునీ కలిపి తిట్టిన మనిషి.

కొట్లో పెరిగినదాన్ని, ఇది నాకు ఇంతకుముందే తెలియాలి. రంగు బాలేదని, నేత పల్చనని, ధర దారుణమని గోల చేసే మనిషి కొనడానికే వచ్చినట్టు. మా నాన్న అలాంటి వాళ్ళకి స్టూలు వేయించి మంచినీళ్ళు ఇప్పించేవాడు. చీరలన్నీ విప్పించుకుని, అన్నీ బాగున్నాయండీ అని నవ్వి లేచిన వాళ్ళని రెండోసారి కూర్చోమనేవాడు కాదు, చీరలు మడతపెట్టుకునేవాడు. ఏడాదిగా మా ఇంట్లో అన్నీ బాగుంటూనే ఉన్నాయి. నేనే చీరలు పరుస్తూ కూర్చున్నాను.

"పుల్లగా లేదా?" అన్నాను.

"ఉంది."

"మరి చెప్పలేదేం?"

"ఇప్పుడెందుకులే," అన్నారు.

కోపంగా అనలేదు. బస్సు కోసం నిలబడ్డవాడు ఎవరైనా దారి అడిగితే చెప్పినంత నెమ్మదిగా అన్నారు. లేచి వెళ్ళి తన ప్లేటు తనే కడిగారు. నీళ్ళు పోతుంటే ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. నా దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి. రెంటు ఇద్దరి మీదా పడితే తేలికని, బ్రాక్‌నెల్‌లోనూ కేర్‌హోమ్‌లు ఉంటాయని, సింగిల్ రూమ్‌లోనూ ఇద్దరి మంచం పడుతుందని. వరసగా నాలిక చివర నిలబడ్డాయి. ఒక్కటీ వాడలేదు.

"మీకు ఇక్కడ పెట్టెల పని తప్ప దొరకదని నాకు ముందే తెలుసండీ," అన్నాను. "తెలిసే తీసుకొచ్చాను."

కుళాయి కట్టేశారు. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు.

"నాకూ తెలుసు," అన్నారు. "మనం వచ్చిన నెలకే మీ సీనియర్ ఒకడు చెప్పాడు. నువ్వు చెప్తావేమో అని చూశాను."

ఎంతకాలం చూశారని అడగలేదు. పోట్లాటలు ఎప్పుడు ఆగాయో నాకు గుర్తుంది, లెక్క దానంతటదే తేలింది.

"నేనూ రానా?" అన్నాను.

నావైపు తిరిగారు. చాలా రోజుల తర్వాత నన్ను సరిగ్గా చూశారు. అందులో కోపం ఏ మూలైనా మిగిలి ఉంటుందేమో అని వెతికాను. జాలి ఉంది.

"వద్దులే," అన్నారు.

బ్యాగులో ఆయన స్వెటర్లు పట్టడం లేదు. ఆయన జిప్ లాగుతుంటే నేను పైన మోకాలు పెట్టి నొక్కాను.