మునిరత్నానికి చదివి వినిపించిన ధర

ఈ సాయంత్రం చిత్తూరు గ్రంథాలయంలో ఒక అబద్ధం చెప్పాను.

మునిరత్నం, నేను చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులో ముప్పై ఏళ్లు పక్కపక్కనే పనిచేసి, రెండేళ్ల కిందట ఒకేసారి రిటైరయ్యాం. మాకు పింఛను లేదు. చేతికొచ్చిన ప్రావిడెంట్ ఫండుతో ఇద్దరం షేర్లు కొందామని, డివిడెండే పింఛనులా వస్తుందని అతన్ని ఒప్పించింది నేనే. ఇరవై ఎనిమిది రూపాయలకు కొన్న షేరు ఆరు నెలలుగా దిగుతూనే ఉంది.

ఈ రోజు మద్రాసు పేపరు నా ముందుకు జరిపి, "కంట్లో పొర వచ్చినాదబ్బా, సన్నక్షరాలు కనపడలేదు. మనది ఎంతుండాదో సూడు" అన్నాడు.

పేపర్లో పదకొండు అని ఉంది.

"పదిహేడు" అన్నాను.

అతను తల ఊపాడు. ఇద్దరం బస్టాండు దాకా నడిచాం. కార్వేటినగరం బస్సు ఎక్కబోతూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పదకొండేలేబ్బా. పొద్దన్నే టీ అంగట్లో ఒకాయన సదివి చెప్పినాడు. తప్పు సదివినాడేమోనని నిన్నడిగినా. నీ గొంతు వింటానే తెలిసిపోయినాది. బాధపడబాక, ఇంట్లో ఆమెకు నేను ఇరవై అని చెప్పినా. నీకన్నా మూడు ఎక్కువే."

బస్సు వెళ్లిపోయింది. అక్కడే బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయాను. నా భార్య ఇంకా ధర అడగలేదు. అడిగితే ఎంత చెప్పాలో తెలియడం లేదు. మీరైతే ఎంత చెబుతారు?