కర్నల్ గారు చూసిన తొమ్మిది

నిండు సభలో ఒక బడి వయసును రెండేళ్లు తగ్గించిన ఘనురాలిని నేను. నవ్వకండి, ఆ రోజు నా ఉద్యోగం ఊడినంత పనైంది.

తొంభైల నాటి మాట. మా వారు సైన్యంలో నాయక్. ఢిల్లీ కంటోన్మెంటుకు బదిలీ అయ్యాక, క్వార్టర్ల పక్కనున్న చిన్న బడిలో నాకు టెంపరరీ టీచరు పని దొరికింది. వార్షికోత్సవం బాగా చేయిస్తే పర్మనెంటు చేస్తానని ప్రిన్సిపల్ మేడమ్ మాటిచ్చారు. అంతకుముందు పగలంతా గోడలతో మాట్లాడుకునేదాన్ని. ఆ ఉద్యోగం పోతే మళ్లీ ఆ గోడలే గతి.

మూడో తరగతికి రోమన్ అంకెలు చెప్పాలి. బోర్డు మీద రాస్తే పిల్లలు ఆవలించారు. దాంతో నాలోని మేధావి నిద్ర లేచింది. పిల్లల్నే అంకెలు చేసేశాను. నిటారుగా నిలబడితే ఒకటి. కాళ్లూ చేతులూ బార్లా చాపితే పది. పదికి ఎడమన ఒకటి నిలబడితే తొమ్మిది, కుడిన నిలబడితే పదకొండు. వారంలో అందరికీ వచ్చేసింది.

బడి పెట్టి సరిగ్గా పదకొండేళ్లు. అందుకని ఉత్సవంలో పింకీ పది, బాబీ ఒకటి. అతిథుల కుర్చీలు వేసే వైపు తిరిగి నిలబడమని ఇద్దరికీ నేర్పాను. మరి నేనో? డిసెంబరు చలి కదా, వాళ్ల వెనక వరండాలో కూర్చుని, వీపుకు ఎండ కాచుకుంటూ, పల్లీలు వలుచుకుంటూ రిహార్సల్ చూసేదాన్ని. అక్కణ్నించి పదకొండు ముచ్చటగా కనిపించేది.

"ఒక్కసారి ముందు నుంచి కూడా చూసుకోకూడదూ?" అన్నారు మా వారు.

"మీరు తుపాకులు చూసుకోండి. పిల్లల సంగతి నాకు తెలుసు" అన్నాను.

ఉత్సవం రోజు ముఖ్య అతిథి ఒక రిటైర్డ్ కర్నల్ గారు. పింకీ, బాబీ వచ్చి నిలబడ్డారు. నేను అలవాటుగా వెనక వరండాలోనే ఉన్నాను.

"అచ్ఛా, నౌ సాల్?" అన్నారు కర్నల్ గారు. "తొమ్మిదేళ్లేనా? రిబ్బన్ కత్తిరించింది నేనే, పదకొండు కావాలే!"

ప్రిన్సిపల్ మేడమ్ నా వైపు చూసిన చూపుకు వలిచిన పల్లీలు చేతిలోంచి జారిపోయాయి. కంగారులో నోటికొచ్చిన ఆర్డరు వేశాను.

"పీఛే ముడ్!"

ఫౌజీ పిల్లలు కదా, ఠక్కున వెనక్కి తిరిగారు. ఎక్కడి వాళ్లు అక్కడే.

"ఇప్పుడూ తొమ్మిదే" అన్నారు కర్నల్ గారు. "కాకపోతే ఇప్పుడు వీపులు చూపిస్తున్నారు."

జనం గొల్లుమన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు పింకీ, చాపిన చేతులు దించకుండానే అరిచింది.

"మేడమ్, హమ్ తో సహీ హై! అంకుల్‌కో ఇధర్ బులాయియే నా!"

తాము సరిగ్గానే ఉన్నారట, అంకుల్‌నే ఇటు పిలవాలట. కర్నల్ గారు లేచారు. కర్ర ఊతంతో మైదానం చుట్టి, వరండాలోకి వచ్చి, నా పక్కన నిలబడి చూశారు.

"ఠీక్ హై. పదకొండే!" అని గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ పెద్దమనిషి కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

సాయంత్రం ప్రిన్సిపల్ మేడమ్ పిలిచి, పర్మనెంటు కాగితం చేతిలో పెట్టారు.

"వచ్చే ఏడాది పన్నెండు" అన్నారు. "పిల్లల జోలికి వెళ్లకండి. కుర్చీలే మీ వైపు వేయిస్తాను."

ఆ కాగితం సాక్షిగా ఒట్టు వేసుకున్నాను: ఈ జన్మలో మళ్లీ పల్లీలు వలుస్తూ పిల్లల వీపులకు పాఠం చెప్పను.