నోటితో అడిగితేనే

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగుడుపడదు, బయటికీ రాదు. అది ఎవరో నన్నన్న మాట కాదు, నేనన్న మాటే. అన్నది ఒకే ఒక్కసారి, చల్లపల్లి బస్టాండులో, పట్టపగలు, చాలా నిదానంగా. పక్కన నిలబడి ఎవరైనా విని ఉంటే ఈ టీచరమ్మకు ఎంత ఓపికో అనుకుని ఉంటారు. నాకు ఓపిక తక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు నన్ను అంత నిదానంగా మాట్లాడించింది భయం.

పేర్లు మార్చి చెబుతాను. నా పేరు అసలు చెప్పను. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలే ఉంది, మీరే సర్దుకోవాలి.

తొంభైల్లో నేను వినికిడి లోపం ఉన్న పిల్లలకు పాఠాలు చెప్పే టీచరుని. పల్లెటూరి బడుల్లో అలాంటి పిల్లలు ఒకచోట ఒకరుంటే ఇంకోచోట ఇద్దరుంటారు. వాళ్ల కోసం బడికొక టీచరును ఎవరు వేస్తారు? అందుకని చుట్టుపక్కల మండలాలన్నిటికీ కలిపి నన్నొక్కదాన్ని వేశారు. కుట్టుపని నేర్పే టీచరు కూడా అంతే, అన్ని బడులకూ ఆవిడొక్కతే. విజయవాడలో పొద్దున్నే బస్సెక్కి, చల్లపల్లిలో దిగి, దొరికిన ఆటోలో కాలవగట్ల మీదుగా ఆ రోజు వంతు బడికి వెళ్లేదాన్ని. హెడ్మాస్టర్లు మమ్మల్ని వారం వారం వచ్చే చుట్టాలనేవారు. నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి పొడిగిస్తారు. పొడిగించకపోతే అడిగే దిక్కులేదు.

అలా నేను వెళ్లే ఒక బడిలో మూడో తరగతి పిల్ల. మున్నీ అందాం. వాళ్ల నాన్న బాషా గారు విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు సొట్టలు తీసే పని చేసేవాడు. వారమంతా అక్కడే ఉండి ఆదివారం ఇంటికి వచ్చేవాడు. మున్నీ చురుకైన పిల్ల. ఇంట్లో తల్లీ కూతుళ్లు కలిసి వాళ్లకు వాళ్లే కొన్ని సైగలు కల్పించుకున్నారు. గాల్లో సుత్తి దెబ్బ వేస్తే నాన్న. నా గురించి చెప్పాలంటే ముక్కు మీద కళ్లద్దాలు పైకి తోసుకున్నట్టు చేసేది. నాకు ఆ అలవాటుందని ఆ పిల్ల చూపించేదాకా నాకే తెలియదు. చూసి నవ్వు ఆపుకోలేకపోయాను.

క్యాంపులో ఇచ్చిన వినికిడి మిషను ఒకటి ఆ పిల్ల మెడలో చిన్న సంచీలో వేలాడుతుండేది. దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. మొదటి నెలలోనే వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో గట్టిగా కొట్టి చూశాను. తల తిప్పలేదు. ఇంకోరోజు మళ్లీ చూశాను. అప్పుడూ తిప్పలేదు. మా శిక్షణలో మాత్రం పిల్లల్ని సైగలు చేయనివ్వొద్దన్నారు, సైగలకు అలవాటుపడితే మాట రాదన్నారు. కాస్తో కూస్తో వినపడే పిల్లలకు ఆ పద్ధతి పనికొచ్చేదేమో. మున్నీకి పనికిరాదని నాకు తెలుసు. ఆమెకు కావలసింది విజయవాడలోని బధిర పిల్లల హాస్టలు బడి. అక్కడ చేతులతోనే పాఠం చెబుతారు, పెద్దయ్యాక ఏదో ఒక పని నేర్పుతారు. మా మండలాలన్నిటికీ కలిపి ఆ ఏడు అక్కడ ఒక్క సీటు ఇస్తామన్నారు. అది మున్నీకే రావాలని నేను నిజంగానే కోరుకున్నాను. నమ్ముతారా?

ఈలోపు ఇన్‌స్పెక్షన్ వచ్చింది.

మన బడుల్లో ఇన్‌స్పెక్షన్ అంటే ఎలా ఉంటుందో మీకు కొత్తగా చెప్పేదేముంది? ప్రశ్నలు, జవాబులు ముందే బట్టీ పట్టిస్తాం. ఎవర్ని లేపాలో, ఎవర్ని వెనక్కి సర్దాలో చూసుకుంటాం. నేనూ అదే చేశాను. నీ పేరేమిటి, నాన్న పేరేమిటి, ఏం చదువుతున్నావు, ఈ మూడూ అదే వరసలో, పెదవుల కదలిక చూసి చెప్పేలా మున్నీకి నేర్పాను. వచ్చిన ఆఫీసరు ఆ మూడూ అడిగారు. చెప్పింది. అప్పుడాయన జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈ పని గురించి ఎంతో కొంత తెలిసిన మనిషన్నమాట. రుమాలు వెనక నుంచి, మీ పొలాల్లో ఏం పండుతుంది అని అడిగారు.

నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను. మున్నీ నా వైపు చూసింది. నా పెదవులు కదిలాయి. వరి. శబ్దం రాలేదు, పెదవులు మాత్రమే. అవి కదిలాయా, నేను కదిపానా? ఇన్నేళ్లూ కదిలాయనే చెప్పుకుంటూ వచ్చాను. ఇవాళ మీ ముందు కూర్చుని అదే మాట చెప్పబోతే సిగ్గేస్తోంది. నేనే కదిపాను. ఆ పిల్ల 'వయి' అంది. ఆఫీసరు నా చేతులు పట్టుకుని అభినందించినంత పని చేశారు. ఈ పిల్లకు హాస్టలు ఎందుకమ్మా, మామూలు బడిలోనే చదువుతుంది, ఆ సీటు ఇంకొకరికి ఇద్దాం అన్నారు. నేను సరేనండీ అన్నాను. ఆ ఏడు నా ఉద్యోగం పొడిగించారు. విజయవాడలో మీటింగు పెట్టి నాచేత మాట్లాడించారు కూడా.

ఇంతవరకైతే అది బడిలో జరిగే మామూలు మోసమే. నా గొంతులో ఇరుక్కున్నది దాని తర్వాతి మాట.

ఆ మీటింగైన పై వారం చల్లపల్లి బస్టాండులో బాషా గారు నాకోసం కాచుకుని ఉన్నాడు. పని మానుకుని వచ్చాడట. చేతిలో జామకాయల సంచీ ఉంది.

"మేడం గారూ, ఆఫీసరు గారికి మా పాప అన్నీ చెప్పిందంట గదండీ. హెడ్మాస్టారు చెప్తే మా ఇంటామె ఏడ్చేసిందండీ, సంతోషంతో."

"అవునండీ, బాగా చెప్పింది."

"మరి ఇంటికాడ ఎంత పిలిచినా పలకదేంటండీ? వెనకమాల నుంచుని అరిచినా తిరగదు. మీకాడ వినపడేది మాకాడ వినపడకుండా పోద్దా? మొండితనం చేస్తందంటారా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఏమవుతుంది? మహా అయితే ఉద్యోగం పోతుంది, సీటు విషయం మళ్లీ కదులుతుంది, మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్లు చెవులు కొరుక్కుంటారు. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానా అంటే, ఆలోచించాను. అవతల ఒక తండ్రి జామకాయలు పట్టుకుని నిలబడి ఉంటే నేను నా లెక్కలు వేసుకున్నాను.

"మొండితనమేనండీ. సైగలకు అలవాటు పడిపోయింది. ఇక మీదట సైగ చేస్తే ఏదీ ఇవ్వకండి. నోటితో అడిగితేనే ఇవ్వండి."

"అన్నం కూడానాండీ?"

"అన్నం కూడా."

ఆయన దండం పెట్టి, జామకాయలు నా చేతికిచ్చి వెళ్లాడు. బస్సులో ఒకటి కొరికాను. తియ్యగానే ఉంది. మిగిలినవి ఇంటికి తీసుకెళ్లి పంచాను.

తర్వాత నేను ఆ బడికి వెళ్లినప్పుడు మున్నీ తల్లి వచ్చింది. మొదటి రోజు పిల్ల సాయంత్రం దాకా ఏమీ తినలేదని, కంచం చూపించి ఏడ్చిందని, చివరికి ఏదో కూత లాంటిది కూస్తే అప్పుడు పెట్టామని చెప్పింది. చెబుతుంటే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా నా మెప్పు కోసం చూస్తోంది. మంచిదమ్మా, అలాగే కొనసాగించండి అన్నాను. మున్నీ పక్కనే ఉంది. ఎప్పుడూ ఊరుకోని చేతులు రెండూ గౌను మడతల్లో దాచుకుని నిలబడింది. పిల్ల బాగుపడింది గనుక నా వంతు రోజులు వేరే మండలానికి మార్చేశారు. నాకు ప్రాణం కుదుటపడింది. ఆ మాట దాచడం లేదు.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లకు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక బట్టల షాపు ముందు బాషా గారు నన్ను గుర్తుపట్టి పలకరించాడు. జుట్టంతా నెరిసిపోయింది. పక్కన ఎదిగిన మున్నీ. నన్ను చూసింది, చూపు తిప్పుకుంది. అయిదో తరగతితో బడి మాన్పించామని, ఇంటిపట్టునే ఉంటోందని ఆయన చెప్పాడు.

"మీరు చెప్పినట్టే పెంచామండీ. ఇప్పుడు సైగ అనేదే చెయ్యదు. మాటా రాలేదనుకోండి. ఏదీ అడగదండీ. పెడితే తింటది, పెట్టకపోతే ఊరుకుంటది. మా పెంపకంలోనే ఏదో లోపం ఉండి ఉంటదండీ, మీరైతే శానా కష్టపడ్డారు."

చుట్టూ ఆటోల రొద. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాటేమిటో తెలుసా? ఆరోగ్యం జాగ్రత్తండీ అన్నాను. అని ఆటో ఎక్కాను.

ఇది చెప్పాల్సింది మీకు కాదని తెలుసు. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు, వెతికే ధైర్యం ఉందో లేదో కూడా తెలియదు. చెబితే ఆ పిల్లకు చేతులు తిరిగొస్తాయా? రావు. మీరు నన్ను క్షమించాల్సిన పనీ లేదు, అది మీ చేతిలో లేదు. అయినా ఒక్కరి ముందైనా ఈ మాటను ఉన్నదున్నట్టు అనాలనిపించింది. మున్నీది మొండితనం కాదు. మీ పెంపకంలో లోపం లేదు బాషా గారూ. పాపకు వినపడేది కాదు. నాకు మొదటి నెలలోనే తెలుసు.